సొంత ల్యాప్‌టాప్‌లో రాసినా అనుమతి కావాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. సెలవు రోజుల్లో సొంత ల్యాప్‌టాప్‌లో రాసిన కోడ్‌ను ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు ఇవ్వాలనుంది. కంపెనీని అడగాలా?

జవాబు: ముందు మీ నియామక ఒప్పందం తీసి చదవండి. కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగ విధుల్లో భాగంగా రాసినదానికి వేరే ఒప్పందం లేకపోతే తొలి హక్కుదారు యజమానే. సెలవు రోజు రాసినది ఆ పరిధిలోకి రాకపోవచ్చు. కానీ చాలా ఒప్పందాలు అక్కడితో ఆగవు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మీరు సృష్టించినదంతా సంస్థదే అంటాయి. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. అయినా ఆ షరతు మీద సంతకం చేసి ఉంటే అడగక తప్పదు.

నోటిమాట చాలదు, మేనేజర్లు మారిపోతుంటారు. ప్రాజెక్టు పేరు, లైసెన్సు, చేయబోయే పని, కంపెనీ ఉత్పత్తులతో దానికి సంబంధం లేదన్న సంగతి రాసి మేనేజర్‌కూ, లీగల్ విభాగానికీ ఈమెయిల్ పెట్టండి. ఒక్కో మార్పుకు కాకుండా ప్రాజెక్టు మొత్తానికి అడగండి. ఈ అనుమతి ప్రాజెక్టుకూ ముఖ్యమే. ఉదాహరణకు, లైనక్స్ కెర్నెల్‌కు ప్యాచ్ పంపేటప్పుడు, దాన్ని ఇచ్చే హక్కు నాకుందని మీరే పేరు పెట్టి హామీ ఇస్తారు. కోడ్ ఇచ్చేవాళ్లు అపాచీ ఫౌండేషన్‌తో చేసుకునే ఒప్పందమైతే యజమాని అనుమతి సంగతి నేరుగా ప్రస్తావిస్తుంది. ఆ హామీ తప్పయితే మీతోపాటు ఆ కోడ్‌ను నమ్ముకున్నవాళ్లూ చిక్కుల్లో పడతారు. రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా కోడ్ పంపకండి.