ట్రాక్టర్ రక్షణ చట్రాల తయారీలో గొట్టాల నాచింగ్ పనిముట్ల ఎంపిక: అమరచింత ప్రాంత వెల్డింగ్ షాపుల దృష్ట్యా ఒక పరిశీలన

వనపర్తి జిల్లాలోని అమరచింత మండలం చేనేతతోపాటు జూరాల ఎడమ కాలువ కింది వరిసాగుకు పేరుపొందిన ప్రాంతం. దమ్ము చేసే రోజులలో ఇక్కడి ట్రాక్టర్లు కేజ్ వీల్స్‌తో బురదలోకి దిగి, గట్లు దాటుతూ, కాలువ కట్టల వెంట తిరుగుతూ ఉంటాయి. ట్రాక్టరు బోల్తాపడే ప్రమాదం ఎక్కువగా ఉండేది సరిగ్గా ఇటువంటి చోట్లనే. వెనుక చక్రాలు బురదలో కూరుకుపోయినప్పుడు క్లచ్‌ను ఒక్కసారిగా వదిలితే, చక్రం తిరగవలసిన శక్తి ట్రాక్టరు ముందు భాగాన్ని పైకి లేపుతుంది. రెండు సెకన్లలోపే యంత్రం వెనుకకు తిరగబడవచ్చు. చోదకుడు దూకి తప్పించుకొనే వ్యవధి అందులో ఉండదు.

దీనికి ప్రపంచమంతటా అంగీకృతమైన పరిష్కారం బోల్తా రక్షణ చట్రం. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు దీనిని తప్పనిసరి చేసినది. అమెరికాలో ఉద్యోగులు నడిపే ట్రాక్టర్లకు 1976 నుంచి ఈ నిబంధన వర్తించినది. మన పొలాలలో తిరుగుతున్న పాత ట్రాక్టర్లలో చాలావాటికి ఈ చట్రం లేదు. ఆ లోటును స్థానిక వెల్డింగ్ షాపులు నీడ కోసం వేసే కానపీతోనో, అలంకారానికి వంచిన గొట్టాలతోనో పూరిస్తున్నాయి. (“కేజ్” అనగానే ఈ ప్రాంత రైతుకు స్ఫురించేది దమ్ము చక్రమే. కనుక క్షేత్ర సిబ్బంది రైతులతో మాట్లాడేటప్పుడు “రక్షణ చట్రం” అనుట మేలు.)

చట్రం మోయవలసిన భారం

ఓఈసీడీ కోడ్ 4, ఐఎస్ఓ 5700 ప్రమాణాలలోని స్థిర భార పరీక్షలో చట్రాన్ని ప్రక్క నుంచి నెట్టినప్పుడు, ట్రాక్టరు ద్రవ్యరాశిలో ప్రతి కిలోగ్రాముకు 1.75 జౌళ్ల శక్తిని అది తనలో ఇముడ్చుకోవాలి. వెనుక నుంచి నెట్టినప్పుడు 1.4 జౌళ్లు ఇముడ్చుకోవాలి. పైనుంచి నలిపే భారం కిలోగ్రాముకు 20 న్యూటన్లు. 2000 కిలోల ట్రాక్టరుకు ఇవి వరుసగా 3500 జౌళ్లు, 2800 జౌళ్లు, 40,000 న్యూటన్లు అవుతాయి. ఇంత జరిగినా చోదకుని చుట్టూ నిర్దేశించిన ఖాళీలోకి చట్రంలోని ఏ భాగమూ చొచ్చుకురాకూడదు.

ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరపడే విషయమొకటి ఉన్నది. చట్రం వంగకుండా ఉండడం లక్ష్యం కాదు. గొట్టం నెమ్మదిగా వంగుతూ శక్తిని హరించాలి, అతుకు మాత్రం విడిపోకూడదు. వంపు బలం అత్యధికంగా పనిచేసేది స్తంభం మొదట్లోను, మూలలలోను. అతుకులు ఉండేది కూడా సాధారణంగా అక్కడే. కనుక గొట్టం ఎంత మంచిదైనా, అతుకు చిట్లితే పైన చెప్పిన లెక్కలన్నీ వ్యర్థమే. ఆ అతుకు నాణ్యత వెల్డింగ్ మొదలు కాకముందే, కోతతోనే, చాలావరకు నిర్ణయమైపోతుంది.

సందు ఎందుకు ప్రమాదకరం

ఒక గుండ్రని గొట్టం మరొక గొట్టంపై నిలబడాలంటే దాని కొసను జీను ఆకారంలో కోయాలి. ఈ కోతనే నాచింగ్ అంటారు. కొస సరిగా కూర్చుంటే వెల్డు రెండు లోహాలనూ కరిగించి కలుపుతుంది. సందు ఉంటే వెల్డు ఆ సందును నింపుటకే సరిపోతుంది. ఫిల్లెట్ వెల్డులో కాలు 4 మి.మీ. అని కొలిచినా, కింద 2 మి.మీ. సందు ఉంటే పనిచేసేది మిగిలిన 2 మి.మీ. మాత్రమే. అందువల్లనే సందు 1.6 మి.మీ. మించినప్పుడు వెల్డు కాలును అంతమేర పెంచాలని అమెరికన్ వెల్డింగ్ సొసైటీ డి1.1 నియమావళి చెబుతుంది.

షాపులలో జరిగేది ఇందుకు భిన్నం. పెద్ద సందు కనబడగానే పూత రాల్చిన ఎలక్ట్రోడు ముక్కనో, సన్నని ఇనుప చువ్వనో అందులో ఇరికించి పైన వెల్డు పూసే అలవాటు పలుచోట్ల ఉన్నది. గ్రైండ్ చేసి రంగు వేసిన తరువాత ఆ అతుకు అందంగా కనిపిస్తుంది. లోపల మాత్రం చువ్వ చుట్టూ చిట్టెము, కరగని అంచులు మిగిలి ఉంటాయి. గేటుకో, పశువుల కొట్టానికో ఇది సరిపోవచ్చు. మనిషి తలపై నిలిచే చట్రానికి ఇది పనికిరాదు. కాబట్టి నాచింగ్ పనిముట్టును వేగంతోనో ధరతోనో కాక, అది మిగిల్చే సందుతో తూచాలి.

కటాఫ్ యంత్రం, గ్రైండరు, కాగితపు అచ్చు

14 అంగుళాల కటాఫ్ యంత్రం, చేతి గ్రైండరు సాధారణంగా వెల్డింగ్ షాపులలో ఉండేవే. గొట్టం కొసను కటాఫ్ యంత్రంపై రెండు వాలు కోతలతో చేపనోరు వలె చేయడం వాడుకలో ఉన్న సులువైన పద్ధతి. దీని ఫలితాన్ని లెక్కతో చూడవచ్చు. ఐఎస్ 1239 ప్రకారం 40 మి.మీ. నామమాత్రపు గొట్టం వెలుపలి వ్యాసం 48.3 మి.మీ., మధ్యతరగతి గోడ మందం 3.2 మి.మీ. అదే కొలత గల గొట్టంపై దీనిని 90 డిగ్రీలలో నిలపాలంటే వాలు కోత ఒక్కొక్కటి దాదాపు 30 డిగ్రీలు రావాలి. కానీ కోత తిన్నని గీత, కింది గొట్టం వంపు. కోతకు రెండు ప్రక్కలా మధ్యభాగం ముందుగా తగిలి గొట్టాన్ని పైకి నిలబెడుతుంది. లోయలోను, చెవుల వద్దను సుమారు 3.7 మి.మీ. సందు మిగులుతుంది. అనగా సందు గొట్టపు గోడ మందాన్నే మించిపోతున్నది. చువ్వ ఇరికించే అలవాటు పనివాని సోమరితనం వల్ల మాత్రమే రాలేదు. ఈ కోతయే అతనిని అక్కడికి నెడుతున్నది.

దీనికి విరుగుడు చౌకైనదే. ఒక కాగితపు అచ్చు చాలు. గొట్టం చుట్టుకొలత 151.7 మి.మీ.ను 16 భాగాలు చేస్తే ఒక్కొక్క భాగం సుమారు 9.5 మి.మీ. వస్తుంది. లోయ బిందువు నుంచి మొదలుపెట్టి వరుసగా 0, 1.4, 5.1, 9.7, 12.1 మి.మీ. ఎత్తులు గుర్తించి, తిరిగి అదే క్రమంలో 0 వరకు దిగాలి. రెండవ సగానికీ ఇదే వరుస. ఈ బిందువులను కలిపిన వంపు గీతను గొట్టానికి చుట్టి సుద్దతో గీయాలి. ఈ అంకెలు గొట్టం లోపలి వ్యాసార్ధం 20.95 మి.మీ. ఆధారంగా కట్టినవి. కింది గొట్టం వ్యాసార్ధపు వర్గం నుంచి, లోపలి వ్యాసార్ధాన్ని ఆయా కోణపు సైన్‌తో హెచ్చించగా వచ్చిన దాని వర్గాన్ని తీసివేసి, వర్గమూలం కట్టి, దానిని 24.15 నుంచి తీసివేస్తే ఏ ఎత్తయినా వస్తుంది. లోపలి అంచు ఆనుకొని, చెవుల వద్ద వెలుపల సహజంగా ఏర్పడే గాడి వెల్డుకు చోటిస్తుంది.

గ్రైండరు వాడేటప్పుడు 1 మి.మీ. కటింగ్ వీల్‌తో కోసి, ఫ్లాప్ డిస్కుతో గీత వరకు అరగదీయాలి. కటింగ్ వీల్‌ను ప్రక్కకు వంచి అరగదీస్తే అది పగిలి ముఖంమీదికి రావచ్చు. గార్డు తీసివేసిన గ్రైండరుతో ఈ పని చేయనేకూడదు. ఓపికగల పనివాడు ఈ పద్ధతిలో సందును 1 మి.మీ. లోపుకు తేగలడు. ఒకటి రెండు చట్రాలకు, రెండు మూడు గొట్టాలు కలిసే చిక్కు అతుకులకు ఇదే తగిన మార్గం.

హోల్ సా, లేత్

ఒకే కొలత కోతలు పదులకొద్దీ చేయవలసి వచ్చినప్పుడు హోల్ సా ముందుకు వస్తుంది. ఇందులో తొలి తప్పు కొనుగోలులోనే జరుగుతుంది. బజారులో “ఒకటిన్నర అంగుళం పైపు” అనేది నామమాత్రపు పేరు, దాని వెలుపలి వ్యాసం 38 మి.మీ. కాదు, 48.3 మి.మీ. పేరును నమ్మి 38 మి.మీ. హోల్ సా తెచ్చుకుంటే అది ఎందుకూ కొరగాదు. రెండవది, హోల్ సా వ్యాసం కోయబడే గొట్టానికి కాక, అది ఆనుకోబోయే గొట్టానికి సరిపోవాలి. 48.3 గొట్టాన్ని 60.3 గొట్టంపై నిలపాలంటే కావలసినది 60 మి.మీ. హోల్ సా.

వేగం కూడా ముఖ్యమే. మెత్తని ఉక్కుకు నిమిషానికి 25 నుంచి 30 మీటర్ల కోత వేగం తీసుకుంటే, 48 మి.మీ. హోల్ సా నిమిషానికి 180 చుట్ల దరిదాపుల్లో తిరగాలి. చేతి డ్రిల్లు దీనికి ఎన్నో రెట్ల వేగంతో తిరుగుతుంది. పళ్లు నీలిరంగుకు తిరిగి రెండు మూడు కోతలకే మొద్దుబారతాయి. ఆ తరువాత పనివాడు బలంగా నొక్కుతాడు, హోల్ సా ప్రక్కకు జరుగుతుంది, సందు తిరిగి వస్తుంది. డ్రిల్లుకు బిగించి వాడే చౌకరకం నాచింగ్ జిగ్‌లలో ఇరుసుకు, బుషింగ్‌కు మధ్య ఆట ఉంటుంది. కొనేముందు ఇరుసును చేతితో ప్రక్కలకు కదిపి చూడాలి. కదలిక చేతికి తెలిసేటంత ఉంటే ఆ జిగ్ రక్షణ చట్రానికి తగదు. సాధారణ హోల్ సా గిన్నె లోతు 40 మి.మీ. దరిదాపుల్లో ఉండడం వల్ల, వాలు కోతలలో తెగిన ముక్క అడుగుకు తగులుతుంది. మధ్యలో ఆపి ముక్కను తీసివేయక తప్పదు.

చిన్న పట్టణాల షాపులు సాధారణంగా పట్టించుకోని వనరు ఒకటి ఉన్నది. అదే లేత్. పంపు షాఫ్టులు, బుష్‌లు తిప్పే లేత్ షాపులు ఇటువంటి వ్యవసాయ ప్రాంతాలలో అపురూపం కాదు. హోల్ సాను చక్‌లో బిగించి, గొట్టాన్ని వి-బ్లాకులో ఉంచి, ఇరుసు ఎత్తుకు సరిచేసి, క్రాస్ స్లయిడ్‌పై కట్టితే లేత్ నాచింగ్ యంత్రమవుతుంది. తక్కువ గేరులో కావలసిన వేగం దొరుకుతుంది. కాంపౌండ్ రెస్ట్‌పై ఉన్న డిగ్రీల గుర్తులు కోణాన్ని చూపుతాయి. చౌకరకం జిగ్‌లో ఉండే ఆట ఇందులో ఉండదు. కొత్త జిగ్ కొనేకంటే లేత్ షాపుకు కోతకింత అని కూలి చెల్లించుటే ఈ పరిస్థితులలో వివేకమైన మార్గం.

అబ్రేసివ్ బెల్టు నాచర్, ఎండ్ మిల్ నాచర్ ఇంతకంటె చక్కని కోతనిస్తాయి. అవి ఏడాది పొడవునా పని ఉండే చోటికి, లేదా ఇంజనీరింగ్ కళాశాలల వర్క్‌షాపులకు తగినవి. బాహా ఎస్ఏఈ ఇండియా పోటీలకు చట్రాలు కట్టే విద్యార్థులు వాడే 25 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. మందపు గొట్టాలకు బెల్టు నాచర్ బాగా నప్పుతుంది. ప్రెస్‌తో నొక్కి కోసే డై నాచర్ పలుచని గొట్టాలకే పరిమితం. మందమైన గోడను అది నలిపివేస్తుంది.

గొట్టం గురించి

పనిముట్టు ఎంత మంచిదైనా పాత బోరుబావి కేసింగ్ పైపులో నాచ్ కోయడం వృథా. దాని ఉక్కు రకం తెలియదు, లోపలి తుప్పు పైకి కనబడదు. చట్రానికి పరీక్షింపబడిన నమూనా పటంలో పేర్కొన్న గొట్టాన్నే వాడాలి. ఐఎస్ 1161 నిర్మాణ గొట్టాలు గుర్తింపు ముద్రతో దొరుకుతాయి. జింకు పూత గొట్టాన్ని వాడవలసి వస్తే అతుకు చుట్టూ పూతను పూర్తిగా అరగదీయాలి. లేనిచో వెల్డులో రంధ్రాలు ఏర్పడతాయి, ఆ పొగ పీల్చిన పనివానికి అదే రాత్రి వణుకుతో జ్వరం వస్తుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు ఒక హద్దును స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. కోతలు, వెల్డులు ఎంత చక్కగా వచ్చినా, పరీక్షకు నిలిచిన నమూనాను అనుసరించని చట్రాన్ని రక్షణ చట్రమని రైతుకు అప్పగించరాదు. అది లేని ధైర్యాన్నిస్తుంది. ట్రాక్టరు ఇరుసు గృహానికి నేరుగా వెల్డు చేయడమూ కూడదు. బిగింపు తయారీదారు చూపిన బోల్టుల వద్దనే జరగాలి. కానపీకి, రక్షణ చట్రానికి గల తేడాను చూపించడమే అనేక సందర్భాలలో శిక్షణలోని మొదటి గంట పని.

పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం వంటి చోట్ల శిక్షణకు వచ్చే యువకులచేత చేయించదగిన అభ్యాసం ఇది. ఒకే గొట్టం నుంచి మూడు ముక్కలు తీసుకొని ఒకదానిని రెండు వాలు కోతలతో, రెండవదానిని కాగితపు అచ్చుతో, మూడవదానిని లేత్‌పై హోల్ సాతో కోయించాలి. వెల్డు చేయకముందు ప్రతి అతుకు చుట్టూ నాలుగు చోట్ల ఫీలర్ గేజ్‌తో సందు కొలిచి రాసుకోవాలి. వాలు కోత ముక్కకు వాడుకలో ఉన్నట్లే చువ్వ ఇరికించి వెల్డు చేయనివ్వాలి. చల్లారిన తరువాత మూడింటినీ నిలువునా కోసి, కోత ముఖాన్ని ఆకురాయితో నునుపు చేసి బల్లపై ప్రక్కప్రక్కన పెట్టాలి. చువ్వ చుట్టూ ఉన్న నల్లని గీతను శిక్షకుడు చూపించనక్కరలేదు, వారే చూస్తారు.