కెమెరా కన్ను - మనిషి మనసు

"మాయాబజార్" (1957) చూడనివారు మనలో ఉండరు. అందులో ప్రియదర్శిని పెట్టె గుర్తుందా? మూత తీసి చూసినవారికి తమకు ఏది ప్రియమో అదే కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు! నోటితో చెప్పనిదాన్ని కూడా ఆ పెట్టె దాచదు. మార్కస్ బార్‌ట్లీ వంటి ఛాయాగ్రాహకుల చేతిలో కెమెరా కూడా ఒక ప్రియదర్శినే అని నా అభిప్రాయం.

ఫిజిక్స్ చదివేవాణ్ణి గనుక ముందు కటకం సంగతి చెబుతాను. లాబ్‌లో నాభ్యంతరం కొలిచాం కదా! ఇక్కడా దాని పనే. మనిషి తెరమీద ఒకే సైజులో ఉండేట్టు కెమెరాను జరుపుకుంటూ తీశామనుకోండి. నాభ్యంతరం తక్కువైతే వెనకనున్నవన్నీ దూరంగా పారిపోతాయి, మనిషి ఒంటరివాడవుతాడు. ఎక్కువైతే వెనక గోడ వచ్చి వీపుకు ఆనుకున్నట్టుంటుంది, ఊపిరాడదు.

హిచ్‌కాక్ "వర్టిగో" (1958)లో కథానాయకుడికి ఎత్తులంటే భయం. గోపురం మెట్ల మీంచి కిందికి చూస్తాడు. కెమెరా ముందుకు జరుగుతుంటే జూమ్ వెనక్కి లాగుతుంది. అంచులు కదలవు, నడుమ లోతు మాత్రం సాగిపోతుంది. దాన్ని పక్కకు పడుకోబెట్టిన నమూనా మెట్లమీద తీశారట. అతను భయమని అననక్కర్లేదు, మన కడుపులోనే తిప్పుతుంది.

అలాగని యంత్రం ఒక్కటే చాలదు. "సాగర సంగమం" (1983)లో తాగిన బాలు వానలో బావి గట్టుమీద నాట్యం చేస్తాడు. మాధవి పరుగున వస్తుంది. ఆమె భర్త పోయాడని బాలుకి తెలీదు, తెలియకూడదనే ఆమె బొట్టు పెట్టుకొచ్చింది. ఆ బొట్టు వానకి కరిగిపోకుండా అతను చెయ్యి అడ్డుపెడతాడు. ఛాయాగ్రాహకుడు పి.ఎస్. నివాస్ ఇక్కడ ఏ గారడీ చెయ్యలేదు. ఆ చెయ్యి చూపించాడు, అంతే. అతనికి తెలియనిది మనకు తెలుసు గనుక గుండె పిండేస్తుంది.

చెయ్యి అంటే నాకు మా అయ్య గుర్తొస్తాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా ఉద్దానం మీద పడింది. నాకప్పుడు పన్నెండేళ్లు. తెల్లారేసరికి కొబ్బరి, జీడి తోటలు వేళ్లతో సహా పడి ఉన్నాయి. కరెంటొచ్చాక టీవీలో చూశాం. మేం చూసిందంతా పైనుంచి తీసిందే. చెట్లు లెక్కకు దొరికాయి గానీ మనుషులు చీమలంతే. ఆ రోజు మా అయ్య ఏడవలేదు. తాత నాటిన కొబ్బరిచెట్టు మొదట్లో కూర్చొని, వేళ్లకంటిన మట్టిని అరచేత్తో దులుపుతూ ఉన్నాడు. "ఇంటికి రా అయ్యా" అంటే, "ఏటుందిరా ఇంటికాడ? నువ్వెళ్లు, వస్తాను" అన్నాడు.

ఆ చెయ్యి ఏ కెమెరాలోనూ పడలేదు.

పైనుంచి తీస్తే నష్టం తెలుస్తుంది, మనిషి పక్కన కూర్చుని తీస్తే దుఃఖం తెలుస్తుంది. రెండూ కావాలి. కానీ రెండోది తీసేవాళ్లు తక్కువ. ఇవాళ మనందరి జేబుల్లోనూ కెమెరా ఉంది. పలాస నుంచి టెక్కలి దాకా బస్సులో ఎన్ని ముఖాలు కనబడవు! మిత్రులారా, ఈసారి ఫోను తీసినప్పుడు ముందు ఆ మనిషి పక్కన కాసేపు కూర్చోండి. ఎక్కడినుంచి తియ్యాలో మీకే తెలుస్తుంది.

- బి.ఎస్సీ. (ఎం.పి.సి.) మూడవ సంవత్సరం