కారుకు మార్పులు చేయుటయా, మరొక కారు కొనుటయా?
(ఒక పరిశీలన)

వేగము మీది మోజు మనిషికి కొత్తది కాదు. గుఱ్ఱముల కాలమున మేలుజాతి గుఱ్ఱమును వెదకిన మనిషియే యంత్రముల కాలమున మేలైన ఇంజనును వెదకుచున్నాడు. ఐతే గుఱ్ఱమునకు లేని సౌకర్యము ఒకటి యంత్రమునకు కలదు. గుఱ్ఱపు కాళ్లకు కొత్త బలమును అతికింపలేము, కారుకు అతికింపవచ్చును. ఈ సౌకర్యము నుండియే ఒక చిక్కు ప్రశ్న పుట్టినది. చేతనున్న స్పోర్ట్స్ కారుకు మార్పులు చేసి వేగము పెంచుకొనుట మేలా, లేక దానిని అమ్మి, పుట్టుకతోనే ఎక్కువ వేగము గల మరొక కారు కొనుట మేలా?

అమెరికా, బ్రిటన్, జపాను దేశములలోని కార్ల ప్రియులకు ఇది నిత్యము ఎదురగు ప్రశ్న. మన విద్యార్థులలో స్పోర్ట్స్ కారు గలవారు అరుదే. కాని మోటారు సైకిలుకు సైలెన్సరు మార్పించి, దానికేదో కొత్త బలము వచ్చినదని మురిసిపోవువారు అరుదు కాదు. రెంటికిని శాస్త్రము ఒక్కటే. కావున ఈ విషయమును శాస్త్రము, ధనము, చట్టము అను మూడు దృష్టులతో పరిశీలింప దలచితిమి.

మార్పు తప్పు కాదు

మార్పులు చేయుటయే తప్పని మేము అనము. 1959లో బ్రిటన్‌లో అలెక్ ఇస్సిగోనిస్ రూపొందించిన మినీ కారు వెలువడినది. దాని ఇంజను 848 సి.సి., శక్తి 34 హార్స్‌పవర్. అది సామాన్య కుటుంబముల కొరకు చేసిన చిన్న కారు. రేసు కార్ల నిర్మాతయైన జాన్ కూపర్ దాని ఒడుపును గుర్తించెను. ఆయన ప్రోద్బలముతో 1961లో మినీ కూపర్ వచ్చినది. ఇంజను 997 సి.సి.కి, శక్తి 55 హార్స్‌పవర్‌కు పెరిగినవి.

ఇచట గమనింపదగిన అంశము మరొకటి కలదు. ఇంజనును పెంచి అంతటితో ఊరకుండలేదు; ముందు చక్రములకు డ్రమ్ము బ్రేకులు తీసి డిస్కు బ్రేకులు అమర్చిరి. పరుగును పెంచినవారే ఆపు శక్తిని కూడ పెంచిరి. ఈ వంశపు కార్లు 1964, 1965, 1967 సంవత్సరములలో ప్రసిద్ధమైన మాంటె కార్లో ర్యాలీని గెలిచినవి. మార్పు సమగ్రమైనచో ఫలితము ఎట్లుండునో చెప్పుటకు ఇంతకంటె ఉదాహరణము అక్కరలేదు.

ఒక చిన్న లెక్క

ఇక అసలు ప్రశ్నకు వత్తము. 1989లో షికాగో మోటారు ప్రదర్శనలో జపాను దేశపు మాజ్డా సంస్థ ఎంఎక్స్-5 అను రెండు సీట్ల స్పోర్ట్స్ కారును ప్రదర్శించెను. అమెరికాలో దీనిని మియాటా అందురు. 1.6 లీటర్ల ఇంజను, 116 హార్స్‌పవర్, సుమారు 960 కిలోల బరువు. మలుపులలో చక్కగా ఒదిగిపోవు కారని పేరు పొందినది. దీని యజమానులకు తరచుగా కలుగు కోరిక ఒక్కటే: మరికొంత వేగమున్న బాగుండును.

దీనికి పోటీగా అమెరికా కారైన షెవ్రొలె కొర్వెట్‌ను తీసికొందము. 1997లో వచ్చిన అయిదవ తరము కొర్వెట్‌కు 5.7 లీటర్ల ఇంజను, 345 హార్స్‌పవర్, సుమారు 1,460 కిలోల బరువు.

కారు ఎంత చురుకుగా వేగమందుకొనునో తెలియవలెనన్న శక్తిని మాత్రమే చూడరాదు. శక్తిని బరువుతో భాగింపవలెను. మియాటాలో టన్ను బరువునకు 121 హార్స్‌పవర్, కొర్వెట్‌లో 236. అనగా మియాటాను కొర్వెట్‌తో సమానము చేయుటకు దానికి సుమారు 227 హార్స్‌పవర్ కావలెను. పుట్టుకతో వచ్చిన శక్తికి ఇది దాదాపు రెట్టింపు.

గొలుసు వంటి ఖర్చు

రెట్టింపు శక్తికి సాధారణ మార్గము టర్బోఛార్జరు. ఇంజను నుండి వెలువడు పొగ వేగముతో ఒక చక్రము తిరుగును. ఆ చక్రము గాలిని అదిమి ఇంజనులోనికి పంపును. ఎక్కువ గాలి, దానికి తగిన ఎక్కువ పెట్రోలు, దాని వలన ఎక్కువ శక్తి. సూత్రము సులభమే. కాని శక్తితో పాటు వేడి పెరుగును. అదిమిన గాలిని చల్లబరచుటకు ఇంటర్‌కూలరు కావలెను. పెట్రోలు పాళ్లు, నిప్పురవ్వ పడు క్షణము సరిచేయవలెను. అవి తప్పినచో ఇంధనము అదుపు లేక పేలి పిస్టన్లు పగులును.

ఇంజను నిలిచినను కథ ముగియదు. ఆ శక్తి క్లచ్చి, గేరు పెట్టె, డిఫరెన్షియల్ గుండ చక్రములకు చేరవలెను. 1.6 లీటర్ల మియాటాలో డిఫరెన్షియల్ చిన్నది. పెంచిన శక్తికి అది ఆగదని ఆ కార్ల వాడుకరులందరు ఎరుగుదురు. ఒకటి మార్చినచో రెండవది బలహీనమగును. రెండవది మార్చినచో మూడవది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. కారుకు టర్బో పెట్టి చూడు అని దానికి చేర్చవచ్చును.

నిర్మాతలకు సైతము ఈ గొలుసు తప్పలేదు. మాజ్డా సంస్థయే 2004లో అమెరికాలో టర్బో గల మియాటాను విడుదల చేసెను. శక్తి 178 హార్స్‌పవర్. అదే తరపు సాధారణ మియాటా శక్తి 142. పెరిగినది నాలుగవ వంతు మాత్రమే. అంత మాత్రమునకే క్లచ్చిని, చక్రములకు శక్తినిచ్చు భాగములను బలపరచి, స్ప్రింగులను, షాక్ అబ్జార్బర్లను, చక్రములను మార్చవలసి వచ్చినది. సర్వ సాధనములు గల సంస్థయే నాలుగవ వంతు కొరకు ఇంత శ్రమ పడగా, రెట్టింపు కోరు వ్యక్తి ఎంత సిద్ధపడవలెనో ఊహింపవచ్చును. ఇంజను ఒక్కదానిని పెంచి తక్కిన వానిని విడుచుట వాపును చూచి బలుపనుకొనుట వంటిది.

ధనము విషయమున మరొక సత్యము కలదు. కారు అమ్మునపుడు మార్పులకు పెట్టిన సొమ్ము తిరిగి రాదు. ఒకరి అభిరుచికి కొనువాడు వెలయిచ్చుట అరుదు. పైగా, మార్చిన ఇంజనును ఎట్లు నడిపిరోయని అతడు శంకించును.

కొనుటలోని కష్టసుఖములు

వేగవంతమైన కారు కొన్నచో ఇంజను, బ్రేకులు, టైర్లు, చట్రము ఒకదానికొకటి తగినట్లు మొదటి నుండియే అమరి యుండును. అది గొప్ప సౌఖ్యము. కాని కొన్న వెల ఒక్కటే వెల కాదు. పెద్ద కారుకు పెద్ద టైర్లు, పెద్ద బ్రేకులు, ఎక్కువ పెట్రోలు, ఎక్కువ బీమా. చాదరు ఉన్నంత మేరకే కాళ్లు చాపుకొనుమని ఉర్దూ సామెత. చాదరును కొలుచునపుడు కొన్ననాటి వెలనే గాక ఏటేటి ఖర్చును కూడ కొలువవలెను.

వేరొక నష్టము కంటికి కనబడదు. తేలికైన కారు మలుపులో ఇచ్చు ఆనందము బరువైన కారులో దొరకకపోవచ్చును. వేగము దొరకిన పిదప పాత కారునే తలచుకొనువారు కలరు.

వేగము అడుగు వెల

ఏ మార్గము త్రొక్కినను భౌతికశాస్త్ర నియమములు మారవు. గాలి నిరోధమును ఎదిరించుటకు కావలసిన శక్తి వేగము యొక్క ఘనమును బట్టి పెరుగును. శక్తిని రెట్టింపు చేసినచో అత్యధిక వేగము రెట్టింపు కాదు. సుమారు 26 శాతము మాత్రమే పెరుగును. ఆపవలసిన శక్తి వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. గంటకు 60 కిలోమీటర్ల వేగము 120 అయినచో బ్రేకులు నాలుగు రెట్ల శక్తిని వేడిగా మార్చవలెను. గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు దాటును. అంత దూరము గడచిన తరువాతనే చోదకుని కాలు బ్రేకును తాకవచ్చును. దారిన పోవు బాలునికి ఆ 28 మీటర్లే జీవన్మరణముల మధ్య దూరము.

చట్టము మాట

మన దేశమున 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, నిర్మాత నిర్దేశించిన వివరములకు భిన్నముగ వాహనమును మార్చుట నిషిద్ధము. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును దృఢపరచెను. అదే సంవత్సరపు సవరణ చట్టము, అట్టి ఒక్కొక్క మార్పునకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేక ఆరు నెలల వరకు జైలు, లేక రెండును విధించుటకు వీలు కల్పించినది. బీమా సంస్థకు తెలుపని మార్పు ప్రమాదము జరిగిన నాడు యజమానికే శత్రువగును.

నిర్ణయ విధానము

ఇన్నియు విచారించిన పిదప మాకు తోచిన నిర్ణయము ఇది. చట్టము అనుమతించు చోట, కారు స్వభావము నచ్చి, అది మరికొంత మెరుగుపడిన చాలునన్నచో మార్పులే మేలు. అపుడును వరుస తప్పరాదు: మొదట అరిగిన భాగములు, తరువాత మంచి టైర్లు, పిదప బ్రేకులు, ఆపైన షాక్ అబ్జార్బర్లు, చిట్టచివర ఇంజను. రెట్టింపు శక్తియే కావలెనన్నచో, అంత శక్తిని మోయుటకు పుట్టిన కారును కొనుటయే వివేకము. చిన్న మార్పులతో మొదలిడి, తెలియకయే పెద్ద కారు వెలను ఖర్చు చేసి, చివరకు రెండింటికి కాని కారుతో మిగులుట అన్నింటికంటె చెడ్డ దారి.

మూడవ మార్గము కూడ కలదు; అది చోదకుని నైపుణ్యము. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ చెంత, మూసివేసిన వీధులలో ఫార్ములా-ఇ పందెము జరిగినది. ఆ కార్ల చట్రము, బ్యాటరీ అన్ని జట్లకును ఒక్కటే. అట్టి పందెములో చోదకుని నేర్పునకు ఎంత విలువ కలదో వేరుగ చెప్పనక్కరలేదు. పందెపు మైదానమున శిక్షణ పొందినచో ఉన్న కారే కొత్త కారు వలె తోచును.

విద్యార్థి మిత్రులారా! యంత్రముపై ప్రేమ మంచిదే. దాని నుండియే మంచి ఇంజనీర్లు పుట్టుదురు. కాని ఏ యంత్రమునకైనను స్పానరు పట్టుటకు ముందు కాగితము, కలము పట్టుడు. శక్తి ఎంత, బరువు ఎంత, ఖర్చు ఎంత, ఆపుట ఎట్లు అని లెక్క వేయుడు. ఆ లెక్క కుదిరిన పిదపనే యంత్రముపై చేయి వేయుడు.