తెరచాప ఓడలు, తీర తుపానులు: ఉత్తరాంధ్ర బిట్లు

‘సైక్లోన్’ పదాన్ని వాడుకలోకి తెచ్చినది: హెన్రీ పిడింగ్టన్ (1848). ఆయనకు ఆధారం 1845లో మారిషస్ దగ్గర తుపానులో చిక్కి గుండ్రంగా తిరిగిన ‘చార్లెస్ హెడిల్’ ఓడ లాగ్‌బుక్. ఓడ పేరు కూడా అడగవచ్చు.

కోరంగి ఉప్పెనలు: 1789 డిసెంబరు, 1839 నవంబరు. రెండూ గోదావరి ముఖద్వారం దగ్గరే. అభ్యర్థులు తారుమారు చేసేది ఇక్కడే. మచిలీపట్నం ఉప్పెన: 1864 నవంబరు 1.

విజయనగరం తీరం: శాంతపిల్లి దీపస్తంభం (చింతపల్లి, పూసపాటిరేగ మండలం), 1847. భీమునిపట్నం వెళ్లే తెరచాప ఓడలు సముద్రంలోని శాంతపిల్లి రాళ్లకు కొట్టుకోకుండా కట్టారు. గాలి ఒడ్డువైపు తోస్తే తెరచాప ఓడకు తప్పించుకునే దారి తక్కువ. అందుకే ఆవిరి ఓడకన్నా దానికే ముప్పు ఎక్కువ.

శ్రీకాకుళం తీరం: కళింగపట్నం, వంశధార ముఖద్వారం. నాగావళి అని రాస్తే మార్కు పోయినట్టే. తిత్లీ తుపాను తీరం దాటింది పలాస సమీపంలో, 2018 అక్టోబరు 11.

పాలిటీ: దీపస్తంభాలు 7వ షెడ్యూల్, కేంద్ర జాబితా, 26వ అంశం. ప్రాదేశిక జలాల అడుగున ఉన్న విలువైన వస్తువులు కేంద్రానివి: 297వ అధికరణం. 1927 లైట్‌హౌస్ చట్టం స్థానంలో వచ్చినది 2021 చట్టం (తప్పక చూడండి).