తితిక్షకు హద్దు
భర్త త్రాగి కొట్టినను ఓర్చుకొనుటయే సాధ్వీధర్మమని, అదియే తితిక్షయని కొందరు బోధింతురు. శీతోష్ణములను సహించుటకు చెప్పిన మాటను దెబ్బలను దాచుటకు వాడుట తగదు.

పానము హింసను పెంచుననుట నిజమే. కాని మైకమున భార్యను కొట్టువాడు అదే మైకమున యజమానిపై చేయెత్తుట అరుదు. ఎవరిని కొట్టవచ్చునో తెలిసినంత వివేకము వానికి మిగిలియే యున్నది!

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు వయోజన విద్యా తరగతులలో అక్షరములతోపాటు తమ యింటి దుఃఖమును బయటికి చెప్పుకొనుట నేర్చిరి. 1992లో సారా దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమఫలముగా 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశమున సారా నిషిద్ధమయ్యెను. 1995 నాటి సంపూర్ణ మద్యనిషేధము మాత్రము 1997లో సడలిపోయెను.

నిత్యభయమువలన భార్యకు కలుగు నిద్రలేమి, గుండెదడ, నైరాశ్యము మనోదౌర్బల్యము కావు, గాయములు. 2005 నాటి గృహహింస చట్టము మాటలతో మనస్సును హింసించుటను సైతము హింసగనే గణించినది.

పానమునకు బానిసయైనవాడు రోగియు నగును. హఠాత్తుగా మానినచో వణుకు, మతిభ్రమ, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయమును కలుగును. వైద్యుని పర్యవేక్షణ అవసరము. అతడు కోలుకొనువరకు ఆమె ఆ యింటనే దెబ్బలు తినుచుండవలెననుట మాకు సమ్మతము కాదు. ఆపదలోనున్న స్త్రీలు 181 సంఖ్యకును, మనోవ్యథ గలవారు 14416 సంఖ్యకును ఫోను చేయవచ్చును.