బాలింతకు పాలు చాలనప్పుడు

‘తల్లికి పాలు పడలేదు’ అను మాట ఒక ఇంట వినబడినంతనే పొరుగింటి నుండి ఆవుపాలో, ఊరి చివర నుండి గాడిదపాలో, బజారు నుండి పాలపొడి డబ్బాయో వచ్చుచుండును. మగవారు ఇది ఆడవారి సంగతి యని వసారాలోనికి పోయి కూర్చుందురు. పంచాయతీ సభ్యులును సాధారణముగా ఆ వసారాలోనే కూర్చుండువారు. అయినను ఈ విషయములో పంచాయతీ చేయదగిన పని కొంత కలదు. అందుకు ముందు విషయము తెలియవలయును.

మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు 1970వ సంవత్సరము వరకు కర్నూలు జిల్లాలోనివి. ఆ యేడు ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇవి అందు చేరినవి. తరువాత పశ్చిమ ప్రకాశమని పేరుబడిన ఈ మెట్టసీమలో పెద్ద ఆసుపత్రి దూరము, మంచినీరు కొరత, కూలి కొరకు వలసపోవుట అను మూడు కష్టములు జనులకు పరిచితములే. ఈ మూడును బాలింత పాలను తాకుచున్నవి. ఎట్లో చూతము.

ఎనిమిదవ నెలలో కాన్పు అయిన ఒక తల్లిని ఊహించుకొందము. ఊరు కొమరోలు చుట్టుపట్ల నొక పల్లె యనుకొందము. బిడ్డ బరువు ఒకటిన్నర కిలో. బిడ్డను నూరు కిలోమీటర్లకు పైబడిన దూరములోని పెద్ద ఆసుపత్రికి తరలించిరి. తల్లి కుట్లు మానక ఇక్కడనే నిలిచిపోయెను. మూడవ దినమున ఆమె రొమ్ములు గట్టిపడి సలిపినవి. పాలు పిండుమని ఎవరును చెప్పలేదు. వారము తిరుగునప్పటికి అవి మెత్తబడినవి, నొప్పి తగ్గినదని ఇంటివారు సంతోషించిరి. పదవనాడు ఆమె బిడ్డను చూడబోగా అక్కడి నర్సు పాలు పిండి యిమ్మనెను. అరగంట ప్రయత్నించినను చెంచాడు పాలు రాలేదు. ‘నా కర్మ’ యని ఆమె ఏడ్చినది. కర్మ కాదు, మొదటి పది దినములు పాలు తీయకపోవుటయే కారణము.

పాడిపశువును మేపిన రైతుకు ఇందలి సూక్ష్మము వేరుగా బోధింపనక్కరలేదు. తల్లిని పశువుతో పోల్చుట అమర్యాద యని తలపవలదు. ప్రకృతి యిద్దరియందును ఒకే రీతిగా పనిచేయుచున్నది. దూడను విడిచినగాని ఆవు చేపదు. క్రొత్తవారిని చూచి బెదరిన గేదె పాలు ఎగచేపును. పాలు పూర్తిగా తీయక పొదుగున విడుచుచుండిన గేదె త్వరలో వట్టిపోవును. మనుష్యస్త్రీ యందును ఇంతే. మాయ పడిన పిదప ప్రొజెస్టిరాన్ అను హార్మోను తగ్గిపోవును. అప్పుడు ప్రొలాక్టిన్ అను వేరొక హార్మోను పాలను తయారుచేయ నారంభించును. రెండవనాటికో నాలుగవనాటికో పాలు నిండును. ఆక్సిటోసిన్ అను మూడవది పాలను జారవిడుచును. ఇదియే చేపుట. దిగులు, నొప్పి, బెదురు ఉన్నచో ఈ మూడవది తాత్కాలికముగా ఆగిపోవును. రొమ్మున పాలు నిలువయుండినచో శరీరము ఇక అక్కరలేదని గ్రహించి తయారీ తగ్గించుకొనును. తీసినకొలది ఊరునదే గాని దాచినకొలది పెరుగునది కాదు.

అందుచేత బిడ్డ రొమ్ము పట్టలేని స్థితిలో నున్నను, వేరొకచోట నున్నను, తల్లి మొదటి గంటలలోనే పాలు పిండుట మొదలుపెట్టవలయును. ఆలస్యమైనను ఆరు గంటలు దాటనీయరాదు. దినమునకు ఎనిమిది మొదలు పండ్రెండు పర్యాయములు పిండవలయును. రాత్రివేళ ప్రొలాక్టిన్ హెచ్చుగా నుండును గనుక రాత్రి ఒక్కసారియైనను తప్పరాదు. మొదటి దినమున వచ్చునది కొన్ని చుక్కలు మాత్రమే. ఈ పసుపురంగు ముర్రుపాలు చెంచాడైనను రాలేదని నిరుత్సాహపడువారు అప్పుడే పుట్టిన శిశువు ఒక్కొక్కసారికి త్రాగగలుగునది కూడ అంతేయని తెలియక నిరుత్సాహపడుచున్నారు. శ్రద్ధగా పిండుచు వచ్చినచో పదునాలుగవ దినమునకు రోజుకు అరలీటరు, అంతకు పైగా వచ్చుట వైద్యులు ఆశించు లెక్క.

చేతితో పిండు పద్ధతి ఒక్కసారి చూచిన మరవరానిది. చేతులు సబ్బుతో కడుగుకొని, వీపు వాల్చక కొంచెము ముందుకు వంగి కూర్చుండి, గోరువెచ్చని తడిగుడ్డతో రొమ్మును కాచి మెల్లగా నిమురవలయును. బొటనవ్రేలు పైన, చూపుడువ్రేలు క్రింద, చనుమొనకు రెండు వ్రేళ్ల వెడల్పు వెనుకగా ఉంచి, ముందు ఎదవైపునకు నొక్కి, తరువాత వ్రేళ్లను దగ్గరకు చేర్చి, విడువవలయును. వ్రేళ్లు చర్మముపై జారరాదు. చనుమొనను పిసికినచో పుండు పడును గాని పాలు రావు. మొదట ఒకటి రెండు నిముషములు ఏమియు రాకపోవచ్చును. అక్కడనే చాలమంది మానివేయుదురు. ధార తగ్గగానే రెండవ రొమ్మునకు మారి, మరల మొదటిదానికి వచ్చి, మొత్తము ఇరువది ముప్పది నిముషములు చేయవలయును.

ఇప్పుడు బజారులో చేతిపంపులు, విద్యుత్ పంపులు దొరకుచున్నవి. మంచివే. అయితే రబ్బరు బుడ్డి గల పాతరకపు పంపును కొనవలదు. దాని లోపల కడుగుట అసాధ్యము. పంపు గరాటు చనుమొనకు సరిపడు కొలతలో నుండవలయును. ఇరుకైనచో రాపిడి కలిగి పాలు తగ్గును. గట్టిగా లాగినంత మాత్రమున ఎక్కువ రావు. పంపు పెట్టిన పిదప చేతితో మరల కొంతసేపు పిండినచో దిగుబడి పెరుగుచున్నది. కరెంటు పోయిన రాత్రి చేతివిద్యయే గతి గనుక పంపు కొన్నవారును దానిని నేర్చుకొనుట మేలు.

పంపులో వచ్చిన పాలను చూచి తల్లి శక్తిని కొలుచుట గొప్ప పొరపాటు. ఆరోగ్యముగల బిడ్డ పంపుకంటె బాగుగా పాలు లాగును. బిడ్డ ఏడ్చినంతనే పాలు చాలలేదనుటయు, కొన్ని వారములకు రొమ్ములు మెత్తబడినవి గనుక ఎండిపోయిన వనుటయు సరికావు. సరియైన గుర్తులు వేరు. అయిదవ దినము దాటిన పిదప బిడ్డ దినమునకు ఆరుసార్లు, అంతకెక్కువ మూత్రము పోయుచుండవలయును. పుట్టినప్పుడు కొంత తగ్గిన బరువు రెండు వారములలోపల తిరిగి రావలయును. ఇట్లు జరుగనిచో, బిడ్డ లేపినను లేవక మగతగా నున్నచో, నోరు ఎండినచో, ఒళ్లు పచ్చబడినచో, ఇంటివైద్యము కట్టిపెట్టి ఆసుపత్రికి పోవలయును. వేసవిలో ఇది మరింత ముఖ్యము.

నిజముగా పాలు తక్కువగు సందర్భములును లేకపోలేదు. కాన్పులో రక్తము అధికముగా పోవుట, మాయ ముక్క లోపల నిలిచిపోవుట, థైరాయిడ్ లోపము, మధుమేహము, అరుదుగా పాలగ్రంథులు పుట్టుకతోనే చాలకుండుట – ఇవి వైద్యుడు తేల్చవలసినవి. సిజేరియన్ అయినవారికి పాలు ఒకటి రెండు దినములు ఆలస్యముగా పడుట సహజము. వైద్యుడు పరీక్షించి పాలపొడి యిమ్మన్నచో ఇచ్చుటలో తప్పు లేదు. తల్లిని అవమానించుట తప్పు.

పథ్యము విషయమున పెద్దలతో వాదము పెట్టుకొనవలసి వచ్చును. వెల్లుల్లి కారము, మెంతులు, నువ్వులు, నల్లమల చెంచులు త్రవ్వి తెచ్చు పిల్లిపీచర గడ్డ – వీనిలో ఏదియు పాలు తీయుటకు బదులు కాజాలదు. రుచించినంతలో తినుటకు అభ్యంతరము లేదు. హాని చేయునది తినిపించుట కాదు, మాన్పించుట. బాలింతకు నీరు తక్కువగా ఇచ్చుట, పప్పు, గ్రుడ్డు, పండు, ఆకుకూర పెట్టకపోవుట ఆమెను నీరసింపజేయును. దప్పికకు తగినంత నీరు ఇవ్వవలయును. బలవంతముగా త్రాగించినను పాలు పెరుగవు. పుట్టిన బిడ్డకు తేనె, పంచదార నీళ్లు, ఆముదము, గాడిదపాలు నాకించు ఆచారమును మాత్రము నిర్దాక్షిణ్యముగా మాన్పింపవలయును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమున నూటికి ఎనుబదితొమ్మిది కాన్పులు ఆసుపత్రులలో జరుగుచుండగా, గంటలోపల తల్లిపాలు అందిన బిడ్డలు నూటికి నలుబదిరెండు మంది మాత్రమే యని తేలినది. ఆసుపత్రికి చేర్చుటతోనే పని ముగియలేదన్నమాట.

పిండిన పాలను వెడల్పు మూతిగల స్టీలు గిన్నెలో మరగించిన నీటితో కడిగి పట్టవలయును. త్రాగించుటకు పాలసీసా వలదు. మన అమ్మమ్మల ఉగ్గుగిన్నె, శుభ్రముగా మరగించినదై యున్నచో, నేటి శిశువైద్యులు చెప్పుచున్న సాధనమే. పాలు 25 డిగ్రీల వేడిమిలో నాలుగు గంటలు నిలువయుండును. మార్కాపురము ఎండలలో ఇంటిలోనే 35 డిగ్రీలు దాటునప్పుడు ఆ లెక్క చెల్లదు. వెంటనే త్రాగించుటయో, ఫ్రిజ్‌లో లోపలివైపున ఉంచుటయో చేయవలయును. ఫ్రిజ్‌లో నాలుగు దినములు ఉండును. ఆసుపత్రిలోని నెలలు నిండని బిడ్డకు మాత్రము ఆ ఆసుపత్రి చెప్పిన గడువే ప్రమాణము. చల్లని పాలను వేడినీటిలో గిన్నె నుంచి కాచవలయును గాని పొయ్యిపై మరగింపరాదు.

ఇక నీటి సంగతి. భారతదేశమున ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి 1937లో నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా నుండి వైద్యులు తొలిసారిగా ప్రకటించిరి. మన పొరుగుననున్న పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు నాడు ఆ జిల్లాలోనివే. మన బోరునీటిలోను ఫ్లోరైడు బాధ కలదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు త్రాగరానిది. తల్లి అట్టి నీరు త్రాగినను ఆమె పాలలోనికి ఫ్లోరైడు చాల స్వల్పముగా మాత్రమే పోవును. అదే నీటితో పాలపొడి కలిపినచో నీటిలోని ఫ్లోరైడంతయు బిడ్డ పొట్టలోనికి పోవును. మరగించినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది చిక్కబడును. కనుక పశ్చిమ ప్రకాశములో ‘పాలు పడలేదు, డబ్బా తెండు’ అను మాట ఇతర ప్రాంతములకంటె బరువైనది. వైద్యుని సలహాపై పాలపొడి వాడుచున్న ఇంటికి శుద్ధిచేసిన నీరు చేరుచున్నదా లేదా యని వార్డు సభ్యుడు విచారింపవలయును. చంటిబిడ్డలున్న ఇండ్లవారు వాడు బోరునీటిని పరీక్షకు పంపుట ఖర్చు తక్కువ పని.

ఆశా కార్యకర్త ఆసుపత్రిలో కాన్పు అయిన ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ దినములలో పోవలసియున్నది. మూడవనాటి రాక అన్నిటికంటె విలువైనది. పాలు నిండునది అప్పుడే. బిడ్డ పెద్ద ఆసుపత్రిలో నుండి తల్లి ఊరిలో నున్న ఇంటికి ఆమె ముందుగా పోవునట్లు, తల్లికి పిండు పద్ధతి చూపునట్లు గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘములో నిర్ణయము చేసికొనవచ్చును. పంచాయతీ ఒక ఐసుపెట్టె కొని అంగన్‌వాడీలో నుంచినచో, పిండిన పాలను ఒంగోలుకో గుంటూరుకో పోవు బంధువుచేత పంపుటకు వీలగును. అంతకంటె మేలు తల్లినే బిడ్డ దగ్గరకు చేర్చుట. 2021లో ప్రకటితమైన ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనలో, 1 నుండి 1.8 కిలోల బరువుతో పుట్టిన శిశువులను వెంటనే తల్లి ఎదపై చర్మమునకు చర్మము తగులునట్లు ఉంచగా మరణములు నాలుగవ వంతు తగ్గినవి. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రియు ఈ పరిశోధనలో పాల్గొన్నది. బిడ్డను ఎదపై ఉంచుకొనిన తల్లికి పాలును బాగుగా చేపును. ఆమె ప్రయాణపు ఖర్చు, అక్కడ ఆమెకు తోడుండు మనిషి – ఈ రెండును ఒక కూలి కుటుంబమునకు ఎంత బరువో సభ్యులకు తెలియును.

పలకల పనికో, మిరపకోతలకో బాలింత త్వరగా పోవలసివచ్చిన ఇండ్లు మనవైపున కలవు. ఆమె పోవుటకు ముందు పాలు పిండి ఉంచి, పనిచోట మూడు గంటలకొకసారి చాటున పిండుకొనుటకు అవకాశమున్నచో పాలు నిలుచును. లేనిచో రెండు మూడు వారములలో తగ్గిపోవును. 2005 నాటి ఉపాధి హామీ చట్టము, పనిచోట ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకెక్కువ ఉన్నచో వారిని చూచుటకు ఒక స్త్రీని నియమింపవలెనని నిర్దేశించినది. ఆ నియమపు భావమును పంచాయతీ తన పనులన్నిటియందు పాటింపవచ్చును. ఒక గుడ్డతెర, కూర్చుండుటకు నీడ, చేతులు కడుగుకొనుటకు నీరు చాలును.

పాలపొడి వ్యాపారుల విషయమున 1992లో చేసి, 2003లో సవరించిన చట్టము కలదు. రెండేండ్లలోపు శిశువుల పాలపొడి, పాలసీసాల ప్రకటనలు, ఉచిత నమూనాలు, బహుమతులు నిషిద్ధములు. అంగన్‌వాడీలో ఏ కంపెనీ పేరుతోనైనను డబ్బాలు పంచుట కనబడినచో ఆ దినమే వైద్యాధికారికి వ్రాతమూలకముగా తెలుపవలయును. కాగితముపై తేదీ, డబ్బా పేరు, పంచిన చోటు వ్రాసి, నకలు పంచాయతీ దస్త్రములో ఉంచుకొనవలయును.