కమ్యూనిటీ కాలేజీ అంటే తక్కువా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఉంటాం. మా అమ్మాయి జర్నలిజం కోసం డి ఆంజా కమ్యూనిటీ కాలేజీలో చేరతానంటోంది. నాలుగేళ్ల యూనివర్సిటీ కాదని మాకు బెంగ. చేర్చమంటారా?

జవాబు: నిశ్చింతగా చేర్చండమ్మా. అక్కడ విద్యార్థులే నడిపే ‘లా వోస్’ పత్రిక ఉంది. వార్త రాయడం క్లాసులో వింటే వచ్చేది కాదు. బోర్డు మీటింగులో చివరిదాకా కూర్చుని, ఫోనెత్తని అధికారి వెంటపడి, గడువులోగా రాసిచ్చి, తప్పు దొర్లితే సవరణ వేసుకుంటేనే వస్తుంది. పెద్ద యూనివర్సిటీల్లో కొత్తగా చేరినవాళ్లకు ఆ అవకాశం అంత సులువుగా చిక్కదు. స్థానికులకు ఫీజు యూనిట్‌కు 31 డాలర్లే. తర్వాత యూనివర్సిటీకి మారేందుకు వీలిచ్చే ట్రాన్స్‌ఫర్ డిగ్రీ పూర్తిచేస్తే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లలో ఏదో ఒకదాంట్లో సీటు ఖాయం. కోరుకున్న క్యాంపస్‌లోనే అని మాత్రం అనుకోకండి. మొదటి టర్మ్‌లోనే కౌన్సెలర్‌ను కలిసి, ఏ కోర్సులు ట్రాన్స్‌ఫర్‌కు పనికొస్తాయో రాయించుకోమనండి.